గింజ తీసిన చేతికి దూది దక్కలేదు: ఈలై విట్నీ కథ

పత్తికాయ పగిలితే మనకు బయటికి కనిపించేది తెల్లటి దూది మాత్రమే. ఒక కాయ చేతిలోకి తీసుకుని విప్పి చూడండి, లోపల గింజలుంటాయి. దూది వాటిని ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందంటే, గోళ్ళతో లాగినా ఓ పట్టాన ఊడి రాదు. మన జిల్లాలో వేరుశనగదే రాజ్యం గానీ, గుంతకల్లు, ఉరవకొండ వైపు నల్లరేగడి భూముల్లో పత్తి కూడా వేస్తారు. అది ఆదోని లాంటి చోట్ల జిన్నింగ్ మిల్లులకు పోతుంది. ఈ జిన్ అంటే అరేబియా కథల్లో భూతం కాదు, సీసాలో మందు కూడా కాదు. ఇంజన్ అనే మాటనే పొట్టి చేసి జిన్ అన్నారు. ఆ జిన్‌కి 1794లో పేటెంట్ తీసుకున్న మనిషే ఈలై విట్నీ.

స్కూల్ పుస్తకాల్లో ఈయన గురించి రెండు లైన్లుంటాయి. కాటన్ జిన్ కనిపెట్టాడు, అమెరికాలో పత్తి పంట పెరిగింది, అంతే. ఆ రెండు లైన్ల మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. పేటెంట్ కాగితం చేతిలో ఉండగానే ఒక ప్రాంతం ప్రాంతమంతా ఆయన మెషిన్‌ని కాపీ కొట్టింది. పద్నాలుగేళ్ళ పేటెంట్ కాలంలో ఎక్కువ భాగం కోర్టుల చుట్టూనే పోయింది. ప్రాజెక్టులు, హ్యాకథాన్‌లు, స్టార్టప్‌లు అని తిరిగే మనం చదవాల్సింది ఈ భాగమే అని నాకనిపించింది.

మేకులు కొట్టిన పిల్లాడు

విట్నీ 1765 డిసెంబర్ 8న అమెరికాలోని మసాచుసెట్స్‌లో, వెస్ట్‌బరో అనే ఊర్లో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. పదకొండేళ్ళప్పుడు తల్లి చనిపోయింది. తండ్రికి పొలంతో పాటు ఓ చిన్న వర్క్‌షాప్ ఉండేది. పిల్లాడికి చేలో పని కంటే ఆ వర్క్‌షాప్‌లో పనిముట్లంటేనే ఇష్టం.

అప్పుడు బ్రిటన్ మీద అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తోంది. బయటి నుంచి సరుకు రావడం లేదు, మేకులకు కూడా కరువే. పద్నాలుగేళ్ళ విట్నీ తండ్రి వర్క్‌షాప్‌లోనే మేకులు చేయడం మొదలుపెట్టాడు. యుద్ధం అయిపోయాక బ్రిటన్ మేకులు మళ్ళీ చవగ్గా వచ్చేశాయి. వాటితో పోటీ పడలేనని తెలిసి, ఆడవాళ్ళ టోపీలకు పెట్టుకునే పిన్నులు, చేతికర్రలు చేయడానికి మారిపోయాడు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి వెతుక్కోవడం ఆయనకు అప్పటికే అలవాటైంది. ముందు ముందు అదే పనికొచ్చింది.

కాలేజీకి పోతానంటే ఇంట్లో సవతి తల్లికి ఇష్టం లేదు. బడిలో పాఠాలు చెప్పి డబ్బులు కూడబెట్టుకుని, 23 ఏళ్ళ వయసులో యేల్ కాలేజీలో చేరాడు. 1792లో చదువు పూర్తయింది. లాంగ్ టర్మ్ తీసుకుని ఏడాది పోయిందని బాధపడే మన మిత్రులకు ఈ లెక్క కొంచెం ఓదార్పు ఇవ్వాలి.

చదువు అయ్యేసరికి చేతిలో డబ్బు లేదు. దక్షిణాదిలో ఒక ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం ఉందంటే ఓడెక్కాడు. ఆ ప్రయాణంలోనే క్యాథరిన్ గ్రీన్ అనే ఆవిడ పరిచయమైంది. స్వాతంత్ర్య యుద్ధంలో పేరు తెచ్చుకున్న జనరల్ నథానియేల్ గ్రీన్ భార్య ఆవిడ, అప్పటికి భర్త చనిపోయాడు. జార్జియాలో సవానా దగ్గర మల్బరీ గ్రోవ్ అనే ఎస్టేట్ ఆవిడది. తీరా చూస్తే ఉద్యోగానికి ఇస్తామన్న జీతం సగానికి తగ్గింది. విట్నీ ఆ ఉద్యోగం వద్దనుకుని ఆ ఎస్టేట్‌లోనే ఉండిపోయాడు. ఎస్టేట్ వ్యవహారాలు చూసే ఫినియస్ మిల్లర్ కూడా యేల్‌లో చదివినవాడే. ఇద్దరికీ స్నేహం కుదిరింది.

పెట్టెలో పట్టే మెషిన్

ఆ ప్రాంతం రైతుల సమస్య ఇది. సముద్రపు ఒడ్డున పండే పత్తికి పోగు పొడుగు, గింజ నున్నగా ఉంటుంది. రెండు రోలర్ల మధ్య పెట్టి తిప్పితే గింజ బయటికి జారిపోతుంది. మన దేశంలో చరఖీ అని వందల ఏళ్ళుగా వాడింది ఇలాంటి పద్ధతే. లోపలి భూముల్లో పండే పత్తి వేరే రకం. పోగు పొట్టి, గింజ పచ్చగా నూగుతో ఉండి దూదిని వదలదు. చేత్తో తీస్తే ఒక మనిషికి రోజంతా కష్టపడినా దాదాపు ఒక పౌను దూది వచ్చేది. అంటే అర కిలో కంటే తక్కువ. ఇంత కూలీ పెట్టి ఆ పంట వేయడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు.

విట్నీ చేసిన మెషిన్ చాలా సింపుల్. ఒక చెక్క రోలర్, దానికి వరసగా గుచ్చిన తీగ ముళ్ళు. ఎదురుగా సన్నటి సందులున్న కడ్డీల గోడ. హ్యాండిల్ తిప్పితే ముళ్ళు దూదిని పట్టి సందుల్లోంచి ఇవతలికి లాగుతాయి. గింజ ఆ సందులో పట్టదు కాబట్టి అవతలే రాలిపోతుంది. వెనక ఇంకో రోలర్‌కు బ్రష్ ఉంటుంది. అది ఎదురు దిక్కులో, ఇంకా వేగంగా తిరుగుతూ ముళ్ళకు చిక్కిన దూదిని ఊడ్చేస్తుంది. దీంతో ఒక మనిషి రోజుకు 50 పౌన్ల దాకా దూది తీయొచ్చు అన్నారు.

ఈ ఆలోచన మొత్తం విట్నీ ఒక్కడిదేనా అనే ప్రశ్న ఇప్పటికీ ఉంది. బ్రష్ ఆలోచన క్యాథరిన్ గ్రీన్‌ది అని కొందరంటారు. పత్తిని రోజూ చేత్తో ఒలిచిన నల్లజాతి బానిసలు వాడిన పద్ధతుల నుంచి ఎంత తీసుకున్నాడో కూడా ఎవరూ రాసి పెట్టలేదు. బానిస పేరు మీద పేటెంట్ ఇవ్వడం కుదరదని 1858లో అమెరికా అటార్నీ జనరల్ తేల్చి చెప్పాడు. పేటెంట్ మీద పేరు ఎవరిది ఉంటుందో, చరిత్రలో పేరు కూడా వాళ్ళదే ఉంటుంది.

1793 మే నెలలో విట్నీ, మిల్లర్ పార్ట్‌నర్‌షిప్ కుదుర్చుకున్నారు. డబ్బు మిల్లర్‌ది, మెషిన్ విట్నీది, లాభం చెరిసగం. జూన్ 20న పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. అప్పట్లో ఆ దరఖాస్తులు విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్ చూసేవాడు. ఆయనకు మెషిన్ నచ్చింది, నమూనా పంపమన్నాడు. ఇంతలో రాజధాని ఫిలడెల్ఫియాలో ఎల్లో ఫీవర్ వచ్చి పనులన్నీ ఆగిపోయాయి. చివరికి 1794 మార్చి 14న పేటెంట్ వచ్చింది. గడువు 14 ఏళ్ళు.

రైతు దగ్గర నలభై శాతం

ఇక్కడ ఇద్దరూ ఒక లెక్క వేసుకున్నారు. మెషిన్లు అమ్మకూడదు. ఊరూరా తామే జిన్నింగ్ కేంద్రాలు పెట్టాలి, రైతులు పత్తి తెచ్చుకోవాలి, గింజ తీసి ఇచ్చినందుకు కూలీగా దూదిలో అయిదింట రెండు వంతులు తాము ఉంచుకోవాలి. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్ట్ అమ్మకుండా సర్వీస్ అమ్మడం అన్నమాట.

రైతులకు ఒళ్ళు మండింది. నలభై శాతం ఎవడిస్తాడు? పైగా మెషిన్ చూస్తే ఊర్లో కమ్మరి కూడా చేసేలా ఉంది. విట్నీ ఎన్ని మెషిన్లు చేసి పంపినా దక్షిణాది మొత్తానికి సరిపోవు, పంట మాత్రం అప్పటికే చేతికొచ్చేసింది. ఆ రేటు, ఆ కొరత రెండూ కలిసి కాపీకి దారి తీశాయి. చట్టం ప్రకారం తప్పే. కానీ గుట్టలుగా పడి ఉన్న పత్తి వానకు తడుస్తుంటే రైతు చట్టం పుస్తకం తెరవడు కదా.

ఆపైన కష్టాలు వరసగా వచ్చాయి. 1795 మార్చిలో న్యూ హేవెన్‌లోని వర్క్‌షాప్ కాలిపోయింది. మెషిన్లు, కాగితాలు అన్నీ బూడిదయ్యాయి. విట్నీ మెషిన్ దూది పోగును పాడు చేస్తోందని ఇంగ్లండ్‌లో పుకారు పుట్టింది, కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. జార్జియాలోని ఆగస్టాలో హాజెన్ హోమ్స్ అనే మెకానిక్ తీగ ముళ్ళ బదులు రంపపు చక్రాలు పెట్టి ఒక జిన్ చేశాడు. దానికి 1796లో వేరే పేటెంట్ కూడా తెచ్చుకున్నాడు. ముళ్ళయినా, రంపపు పళ్ళయినా సూత్రం ఒకటే అని విట్నీ వాదన. నిజానికి రంపపు చక్రాలే గట్టిగా మన్నాయి, తర్వాత కాలంలో నిలబడింది కూడా ఆ డిజైనే. కాపీ కొట్టేవాడు ఒక్కోసారి అసలు దాన్ని బాగుచేస్తాడు కూడా. అప్పుడు గొడవ ఇంకా చిక్కుపడుతుంది.

కోర్టు మెట్ల మీద వినిపించే చప్పుడు

కేసు వేయడం తప్ప దారి లేదు. మొదటి ముఖ్యమైన కేసు 1797లో వచ్చింది, ఓడిపోయారు. కారణం చాలా చిన్నది. 1793 నాటి పేటెంట్ చట్టంలో ఒక వాక్యం సరిగా రాయలేదు. మెషిన్‌ని తయారు చేసి, దానితో పాటు వాడిన లేదా అమ్మిన వాడే దోషి అనే అర్థం వచ్చేలా ఉంది. ఎవరో చేసిన మెషిన్‌ని ఊరికే వాడుకున్న రైతు దాంట్లోకి రాడు. ప్రోగ్రామ్‌లో ఆర్ అని రాయాల్సిన చోట యాండ్ అని రాస్తే ఏమవుతుందో మనకు తెలుసు. చట్టం రాసిన వాళ్ళు చేసింది సరిగ్గా ఆ బగ్గే. దాన్ని సరిచేస్తూ కొత్త చట్టం 1800లో వచ్చింది. అప్పటికి ఆరేళ్ళు గడిచిపోయాయి.

చట్టం మారినా సాక్షులు దొరకలేదు. జార్జియాలో ఆ ఊరి రైతులే జ్యూరీలో కూర్చుంటారు, వాళ్ళ ఇళ్ళల్లోనే కాపీ మెషిన్లు తిరుగుతుంటాయి. చాలా ఏళ్ళ తర్వాత, ఆవిరి పడవతో పేరు తెచ్చుకున్న రాబర్ట్ ఫుల్టన్‌కు రాసిన ఉత్తరంలో విట్నీ ఈ సంగతి గుర్తు చేసుకున్నాడు. కోర్టుకు కూతవేటు దూరంలోనే మెషిన్లు నడుస్తున్నాయట, మెట్ల మీద నిలబడితే వాటి చప్పుడు వినిపిస్తోందట. అయినా జార్జియాలో ఆ మెషిన్ వాడుకలో ఉందని కోర్టులో రుజువు చేయడానికి నానా తంటాలు పడాల్సి వచ్చింది. అందరికీ తెలిసిన నిజమే, చెప్పేవాడు మాత్రం లేడు.

పైగా దూరం ఒకటి. మెషిన్లు చేసే న్యూ హేవెన్ ఉత్తరాన, కేసులు నడిచే సవానా దక్షిణాన. రైలు లేని రోజులు. గుర్రం మీదో, బండి మీదో, ఓడలోనో వారాల ప్రయాణం. విట్నీ ఆ దారిన ఎన్నోసార్లు తిరిగాడు. అరవైకి పైగా దావాలు వేస్తే, జార్జియాలో జడ్జి విలియం జాన్సన్ విట్నీ పక్షాన గట్టి తీర్పు ఇచ్చేసరికి పేటెంట్ గడువు దాదాపు అయిపోవచ్చింది. పార్ట్‌నర్ మిల్లర్ అంతకు ముందే, 1803లో చనిపోయాడు.

ప్రభుత్వాలతో బేరం

కోర్టుల్లో పని కాదని అర్థమయ్యాక ఇద్దరూ దారి మార్చారు. వేల మంది రైతుల మీద వేల కేసులు వేసే బదులు, రాష్ట్రానికే హక్కు అమ్మేస్తే? 1801 డిసెంబర్‌లో సౌత్ కరోలినా ప్రభుత్వం 50,000 డాలర్లకు ఒప్పుకుంది. విట్నీ వాళ్ళు అడిగింది దానికి రెట్టింపు. 20,000 ముందు, మిగతాది ఏడాదికి 10,000 చొప్పున మూడు వాయిదాలు. నార్త్ కరోలినా 1802లో ఇంకో పద్ధతి పెట్టింది. జిన్‌లో ఉన్న ఒక్కో రంపానికి ఏడాదికి రెండున్నర షిల్లింగుల పన్ను, అయిదేళ్ళ పాటు వసూలు చేసి ఖర్చులు పోను విట్నీ వాళ్ళకు ఇస్తుంది. టెన్నెసీ కూడా ఒక్కో రంపానికి ముప్పై ఏడున్నర సెంట్లని ఇలాంటిదే పెట్టింది. ఇదంతా చూస్తే ఇప్పటి పర్ యూజర్ లైసెన్స్ గుర్తొస్తుంది.

కొన్నాళ్ళకు సౌత్ కరోలినా మాట మార్చింది. ఈ మెషిన్ విట్నీ కంటే ముందే ఎవరో కనిపెట్టారని అనుమానాలు లేపి, చెల్లింపులు ఆపేసి, ఇచ్చిన డబ్బు కూడా వెనక్కి కావాలంది. విట్నీ స్వయంగా పోయి ఆధారాలు చూపించుకున్నాక 1804లో మళ్ళీ ఒప్పందానికి కట్టుబడింది. జార్జియా మాత్రం చివరిదాకా బేరానికే రాలేదు.

లెక్క చూస్తే, అన్ని రాష్ట్రాల నుంచీ కలిపి వచ్చింది సుమారు 90,000 డాలర్లని అంచనా. అందులో ఎక్కువ భాగం లాయర్లకు, ప్రయాణాలకు, అప్పులకు పోయింది. 1812లో పేటెంట్ పొడిగించమని అమెరికా కాంగ్రెస్‌ను అడిగాడు. దక్షిణాది సభ్యులు అడ్డుపడ్డారు, దరఖాస్తు నెగ్గలేదు.

తుపాకుల కార్ఖానా

విట్నీ మేకుల నుంచి పిన్నులకు మారిన మనిషి అని ముందే చెప్పుకున్నాం. 1798లో జిన్ వ్యాపారం మునిగిపోతున్నప్పుడు, ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తుందేమో అని అమెరికా ప్రభుత్వం తుపాకుల కోసం వెతుకుతోంది. విట్నీకి తుపాకులు చేసిన అనుభవమే లేదు. అయినా రెండేళ్ళలో 10,000 తుపాకులు చేసిస్తానని 1,34,000 డాలర్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. అడ్వాన్స్ డబ్బుతో అప్పుల్లోంచి బయటపడ్డాడు. రెండేళ్ళన్నది పదేళ్ళు దాటింది. ఆఖరి తుపాకీ 1809 జనవరిలో అప్పజెప్పాడు.

మధ్యలో 1801లో వాషింగ్టన్‌కు పోయి, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, కాబోయే అధ్యక్షుడు జెఫర్సన్ ముందు తుపాకీ భాగాలు కుప్పగా పోసి, ఏది తీసినా ఏ తుపాకీకైనా సరిపోతుందని చూపించాడు. అందుకే ఈయన్ని మాస్ ప్రొడక్షన్‌కు ఆద్యుడు అని రాస్తారు. తర్వాతి చరిత్రకారులు ఆ తుపాకులను తీసి పరీక్షిస్తే, భాగాలు నిజంగా ఒకదానికొకటి సరిపోవని తేలింది. ఆ ఆలోచన ఆయన ఒక్కడిదీ కాదు, అప్పటికే ఫ్రాన్స్‌లో ఉంది. అయినా ప్రభుత్వం ఆయన్ని వదల్లేదు, 1812లో ఇంకో 15,000 తుపాకుల ఆర్డర్ ఇచ్చింది.

ఈ వ్యాపారంలో కొనేవాడు ఒక్కడే, వాడే ప్రభుత్వం. కాపీ కొట్టే రైతులు లేరు, ఊరూరా కేసులు లేవు. విట్నీ కాస్త డబ్బు చూసింది ఇక్కడే. పేటెంట్ కంటే కాంట్రాక్టు, కార్ఖానా, పనివాళ్ళ నైపుణ్యం ఆయనకు అన్నం పెట్టాయి.

పెళ్ళి 1817లో, అంటే 51 ఏళ్ళకు చేసుకున్నాడు. భార్య హెన్రియెట్టా ఎడ్వర్డ్స్. నలుగురు పిల్లలు. ఆఖరి రోజుల్లో ప్రొస్టేట్ జబ్బుతో చాలా బాధపడి, 1825 జనవరి 8న న్యూ హేవెన్‌లో కన్నుమూశాడు. వయసు 59.

మెషిన్ చేసిన ఇంకో పని

ఈ కథలో విట్నీ మీద జాలి పడి ఆగిపోతే తప్పవుతుంది. 1790లో అమెరికాలో బానిసలు దాదాపు ఏడు లక్షల మంది. 1860కల్లా నలభై లక్షలకు దగ్గరయ్యారు. గింజ తీయడం సులువయ్యేసరికి పత్తి ఎంత వేసినా లాభమే అయింది. వేయడానికి, తీయడానికి మనుషులు కావాల్సి వచ్చారు. పేటెంట్ ఎవరిదని కోర్టులో కొట్టుకున్న ఇద్దరూ తెల్లవాళ్ళే. ఆ మెషిన్ దగ్గరికి పత్తి మోసుకొచ్చిన వాళ్ళకు కోర్టులో చోటే లేదు. విట్నీ డబ్బు పోగొట్టుకున్నాడు. వాళ్ళు పోగొట్టుకున్నది జీవితాలు.

విట్నీ మన అనంతపురంలో ఉండుంటే

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లో, అటూ ఇటుగానో వాన పడే జిల్లా మనది. అదునులో రెండు మూడు రోజుల్లోనే విత్తనం పడాలి, లేకపోతే తేమ పోతుంది. అందుకే ఇక్కడ గొర్రు, గుంటక, వేరుశనగ కాయ ఒలిచే మెషిన్ లాంటి వాటిలో చిన్న మార్పు కూడా పెద్ద విషయమే. అలాంటి మార్పులు చేసేవాళ్ళు చాలామంది వెల్డింగ్ షాపుల్లో ఉంటారు. షాపు ముందు కొత్త పనిముట్టు నిలబెడితే, ఫోన్‌లో ఫోటో తీసుకుని పోయి పక్క ఊర్లో వారం లోపల అదే చేయించుకోవచ్చు. విట్నీ కథే, స్కేలు చిన్నది.

అలాంటి వాళ్ళకు మన చట్టం ఇచ్చే దారులేమిటి? మన పేటెంట్ చట్టం 1970 నాటిది. గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు. మామూలు వ్యక్తి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఫీజు 1,600 రూపాయలు, పరీక్షించమని అడగడానికి ఇంకో 4,000. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు చూస్తుంది. మెషిన్ ఇంకా పూర్తి కాకపోయినా ప్రొవిజనల్ దరఖాస్తు పెట్టి తేదీ ఖాయం చేసుకోవచ్చు, 12 నెలల్లో పూర్తి వివరం ఇస్తే చాలు. ముఖ్యంగా, దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపిస్తే, యూట్యూబ్‌లో పెడితే, అది కొత్తది కాదని పేటెంట్ రాకపోవచ్చు. టెక్ ఫెస్ట్‌లో స్టాల్ పెట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

కాపీ కనిపించాక మొదటి పని కేసు కాదు, ఆధారం. విట్నీ ఇబ్బంది పడింది అక్కడే. కాపీ మెషిన్ ఒకటి బిల్లుతో కొనడం, ఫోటోలు, తేదీలు దాచుకోవడం, మన క్లెయిమ్‌లో రాసిన ఒక్కో భాగం ఆ మెషిన్‌లో ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోవడం. తర్వాత లాయర్ నోటీసు. ఉత్తి బెదిరింపు నోటీసు ఇస్తే మాత్రం సెక్షన్ 106 కింద అవతలి వాడే మన మీద కేసు వేయొచ్చు. కాబట్టి నోటీసు ఆధారంతోనే ఇవ్వాలి.

కేసు వేయాలంటే జిల్లా కోర్టుకు తక్కువ కాని కోర్టులో వేయాలి. గెలిస్తే తయారీ ఆపమని ఆర్డర్, దాంతో పాటు నష్టపరిహారమో, వాడి లాభంలో లెక్కో దొరుకుతుంది. పేటెంట్ ఉందని తెలియక చేశానని అవతలి వాడు రుజువు చేసుకుంటే పరిహారం రాకపోవచ్చు. అందుకే మెషిన్ మీద పేటెంట్ నంబర్ కొట్టించుకోవడం మంచిది. ఇంకో చిక్కు, అసలు నీ పేటెంటే చెల్లదని వాడు ఎదురు వాదన వేస్తే కేసు హైకోర్టుకు పోతుంది. అనంతపురం నుంచి అమరావతికి వాయిదాలకు తిరగడం ఒక మామూలు షాపు మనిషికి విట్నీ న్యూ హేవెన్ నుంచి సవానా పోవడం లాంటిదే.

అందుకే లైసెన్స్ దారి మొదట ఆలోచించాలి. కాపీ కొట్టే వాడిలో నిజానికి ఒక తయారీదారు ఉన్నాడు. మెషిన్‌కు ఇంత అని మాట్లాడుకుని, ఒప్పందం కాగితం మీద రాసుకుని, పేటెంట్ ఆఫీసులో నమోదు చేయించుకుంటే ఇద్దరూ బతుకుతారు. విట్నీ మొదటి రోజే నలభై శాతం అడక్కుండా రంపానికి ఇంత అని అడిగి ఉంటే, ఊర్లో కమ్మరులే ఆయన డీలర్లు అయ్యేవాళ్ళేమో.

పేటెంట్ తీసుకోవడానికే డబ్బు లేనివాళ్ళకు నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటి సంస్థలున్నాయి. ఆలేరు దగ్గర చేనేత ఇంట్లో పుట్టిన చింతకింది మల్లేశం పెద్ద చదువు లేకుండానే, అమ్మ చేతి నొప్పి చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, పేటెంట్ పొందారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కూడా మెషిన్లు తయారు చేసి చేనేత ఇళ్ళకు అందించడం మీదే నిలబడ్డారు.

మన సీఎస్ఈ వాళ్ళకు చివరగా ఒక మాట. మన చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ రాదు. కోడ్‌కు కాపీరైట్ ఉంటుంది, అది రాసిన క్షణం నుంచే ఉంటుంది. కాబట్టి గిట్‌హబ్‌లో పెట్టే ముందు లైసెన్స్ ఫైల్ ఏదో ఆలోచించి పెట్టండి. మెకానికల్, ఈసీఈ మిత్రులతో కలిసి ఏదైనా వస్తువు చేస్తుంటే, దాని మీద ఎవరి పేర్లు ఉండాలో మొదట్లోనే మాట్లాడుకోండి. క్యాథరిన్ గ్రీన్ సంగతి రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా తేలలేదు.

విట్నీకి మెషిన్ చేయడానికి పట్టింది కొన్ని నెలలు. అది తనదే అని ఒప్పించడానికి పద్నాలుగేళ్ళు సరిపోలేదు. ఆయన పేటెంట్ గడువు తీరాక జిన్ అందరిదీ అయింది, నల్లరేగడిలో పండిన మన పత్తిదాకా వచ్చింది. పేటెంట్ అసలు ఉద్దేశం కూడా అదే. కొన్నాళ్ళు చేసినవాడికి, తర్వాత లోకానికి. ఆ కొన్నాళ్ళలో చేసినవాడు కోర్టు మెట్ల మీద కాకుండా తన వర్క్‌షాప్‌లో ఉండగలిగితేనే ఆ బేరం న్యాయమైన బేరం.